పాలు వేడెక్కేలోపు

దెయ్యాల మాటెత్తితే నవ్వేవాణ్ణి. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్ని. కంటికి కనబడనిదాన్ని నమ్మే అలవాటు నాకు లేదు. ఇప్పుడు కూడా దెయ్యాన్ని చూశానని చెప్పడం లేదు.

నా భార్య సునంద వయొలిన్ వాయించేది. చర్చిలో కీర్తనలకు వాయిస్తూ వాయిస్తూ ఈ కాలపు పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం మీద పడింది. ఆ పద్ధతిలో తనే ఒక బాణీ కట్టింది. ఒక స్వరం పలుకుతుంది. తర్వాత చాలాసేపు ఏమీ ఉండదు. మళ్ళీ ఇంకొకటి. తాళం లేదు, పల్లవి లేదు.

మొదటిసారి విన్నప్పుడు మధ్యలోనే లేచాను. "ఏటే, అయిపోనాదా?" అన్నాను.

"కూకోండి. ఎప్పుడవుద్దా అని సూడకండి. ఆ టైములో ఉండండంతే" అంది.

నాకు అర్థం కాలేదు. అరగంట పైనే పట్టే దాన్ని నా ఫోన్లో రికార్డు చేసి ఇచ్చింది. పోయినేడాది వానాకాలంలో కేన్సరుతో పోయింది.

చాలా నెలలు దాన్ని వినలేకపోయాను. ఒక ఆదివారం మధ్యాహ్నం, ఝపటాపూర్‌ పేటలో మా ఇంట్లోనే, టీకి పాలు స్టవ్ మీద పెట్టాను. పక్కనే మా అత్తయ్య, సునంద తల్లి, బంగాళాదుంప చెక్కు తీస్తోంది. గదిలోకి వెళ్ళి రికార్డు పెట్టాను.

మొత్తం విన్నాను. ప్రతి స్వరం ముందు సునంద తీసుకునే ఊపిరి, మధ్యలో ఒక దగ్గు, వీధిలో టోటో రిక్షా హారన్, అన్నీ. నిశ్శబ్దం వచ్చినప్పుడల్లా తను ఎదురుగా కూర్చున్నట్టే ఉంది. ఏడ్చాను. ముగిశాక పాలు గుర్తొచ్చి, మాడిపోయుంటాయని పరుగెత్తాను.

స్టవ్ వెలుగుతోంది. పాలు ఇంకా చల్లగానే ఉన్నాయి. అత్తయ్య చేతిలో అదే దుంప, సగం చెక్కుతో.

"ఏటి బాబూ, ఇప్పుడే కదా ఎల్లినావు?" అంది.

ఫోన్లో రికార్డు చివరికొచ్చి ఆగి ఉంది. గోడ గడియారంలో మాత్రం ఒక్క నిమిషమైనా గడిచినట్టు లేదు. ఫోన్ పాడై ముందుకు దూకిందేమో. మరి నేను విన్నదో? కునుకు పట్టిందనుకుందామంటే చొక్కా ముందంతా తడిసిపోయి ఉంది.

జరిగింది చెప్పాను. అత్తయ్య కత్తి కింద పెట్టేసింది.

"అమ్మాయి కనపడినాదా?"

"లేదత్తయ్యా. వాయించినాది, అంతే."

"మల్లీ పెట్టు. నేనూ ఇంటాను."

ఈసారి దానికి పట్టాల్సినంత సేపూ పట్టింది. కిటికీలోంచి పడే ఎండ గోడ మీదికి పాకింది. అత్తయ్య ఫోన్ చెవికి ఆనించుకుని చివరిదాకా కదల్లేదు. సంగీతం ఆమెకు పట్టలేదు. "పిల్ల ఊపిరి తీస్తంది బాబూ, ఇనబడతంది" అని మాత్రం అంది.

ఆ తర్వాత ఎన్నోసార్లు పెట్టాను. ప్రతిసారీ అరగంట పైనే పడుతోంది. ఆ ఒక్క మధ్యాహ్నం అంత సమయం ఎక్కడ గడిచిందో నాకిప్పటికీ తెలియదు. ఎక్కడైనా కానీ, అక్కడ సునంద ఉంది. నేనే లేచి వచ్చేశాను.