పాతది జమ చేస్తేనే కొత్తది

మా కంప్యూటరు ఆన్ అయ్యేలోపు అన్నానికి ఎసరు పెట్టి రావచ్చు. నేను దాని మీదే పిల్లలకి ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్పేదాన్ని. పాఠం మధ్యలో నా బొమ్మ నోరు తెరిచినది తెరిచినట్టే ఆగిపోయేది. వాళ్ళు నవ్వుకునేవాళ్ళు, నాకు తలప్రాణం తోకకొచ్చేది. చివరికి నాకు క్లాసులిచ్చే ఆవిడ ఫోన్ చేసి, బుధవారం ఆరింటి క్లాసు కూడా ఇలాగే ఆగితే ఆ బ్యాచ్ ఇంకొకరికి ఇచ్చేస్తానని మర్యాదగానే చెప్పింది. నాకంటూ ఉన్న పని అదొక్కటే. పోతుందంటే భయం వేసింది.

తెలిసినాయన ఒకాయన మూత తీసి చూసి, మెమరీ చాలదన్నాడు. ఒక ముక్క ఉంది, పక్కన ఇంకోదానికి చోటుంది, అచ్చం అలాంటిదే తెచ్చి పెట్టుకోమన్నాడు. బుధవారం పొద్దున్న ఉన్న ముక్క ఊడదీసి, కాగితంలో చుట్టి నాన్న చేతికిచ్చాను. మలంచా బజార్లో కంప్యూటరు సామాన్ల కొట్టుంది, ఇది చూపించి ఇలాంటిది తెమ్మన్నాను. నేను ప్రేమ్ బజార్‌లో పిల్లల లెక్కల కాగితాలు జిరాక్సు తీయించడానికి వెళ్ళాను.

నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరయ్యాడు. మేముండే పేట ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఎవరింట్లో తాళం పట్టకపోయినా, ఫ్యాను మూలిగినా ఇప్పటికీ ఆయన్నే పిలుస్తారు. నేను తిరిగొచ్చేసరికి రెండయింది. అప్పటికే బిగించేసి, మూత కూడా పెట్టేశాడు.

"అయిపోనాది, సూసుకో" అన్నాడు.

స్విచ్ వేశాను. అదే నత్తనడక. మళ్ళీ మూత తీసి చూస్తే లోపల ఒక్కటే ముక్క.

"పాతదేదీ నాన్నా?"

"కొట్లో ఇచ్చీసినాను."

"ఎందుకిచ్చీసినావు?"

"పాతది జమ సెయ్యకుండా కొత్తది ఎలాగిస్తారేటమ్మా?"

వర్క్‌షాపు స్టోర్సులో అదే పద్ధతి. అరిగిన బేరింగు కౌంటరు మీద పెడితే గాని కొత్తది చేతికి రాదు. ఉద్యోగమంతా అలాగే చేసిన మనిషి కొట్లోనూ అదే చేశాడు. కొట్టాయన అది పాడైందనుకుని సొరుగులో పడేసుకున్నాడట. తప్పు నాదీ ఉంది. చూపించమన్నాను గాని వెనక్కి తెమ్మనలేదు. ఆ మాట ఇవాళ ఒప్పుకుంటున్నాను, ఆ రోజు ఒప్పుకోలేదు.

ఇద్దరం ఆటో ఎక్కి మలంచా వెళ్ళాం. కొట్లో నలుగురున్నారు. అందులో ఒకాయన వర్క్‌షాపులో నాన్న దగ్గర పని నేర్చుకున్నవాడు, మన తెలుగువాడే. నాన్నని చూడగానే లేచి నమస్కారం పెట్టాడు. కొట్టాయన సొరుగు లాగి వెతుకుతుంటే, నాన్న ఆయనకి హిందీలో, సంగతేంటంటే అంటూ స్టోర్సు పద్ధతి చెప్పబోయాడు.

"దాదా, బాత్ ఏ హై కీ..."

"నువ్వూరుకో నాన్నా, నీకేటీ తెలీదు" అన్నాను. గట్టిగానే అన్నాను.

కొట్టాయనకి తెలుగు రాదు, వెతుక్కుంటూనే ఉన్నాడు. నమస్కారం పెట్టిన ఆయన మాత్రం తల దించుకున్నాడు. నాన్న కౌంటరు దగ్గర్నుంచి వెనక్కి జరిగాడు. నాకు బాధ కూడా వేయలేదు, గోడ గడియారం చూసుకున్నాను. పాత ముక్క దొరికింది.

ఆరింటికి రెండు ముక్కలతో క్లాసు చెప్పాను. ఒక్కసారి కూడా ఆగలేదు. ఆ బ్యాచ్ నిలబడింది, తర్వాత ఇంకొకటి కూడా ఇచ్చారు.

మొన్న వంటింట్లో కుళాయి కారుతుంటే నాన్న స్పానరు పట్టుకొచ్చాడు. లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"ఇది నాను బిగించొచ్చేటమ్మా?" అని అడిగాడు.

ఇంట్లో పని ముట్టుకోవడానికి ఆయన ఒకర్ని అడగడం నేనెన్నడూ చూడలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. బిగించు నాన్నా అని మాత్రం అనగలిగాను.