గంపలో మిగిలిన బాణాలు

దేనగ్ చేసిన బాణం తిన్నగా పోతుందనీ, ఆమె నోటి మాట అంతకన్నా తిన్నగా వచ్చి తగులుతుందనీ కర్ఖా నది ఒడ్డున ఆ ఊళ్లో అందరికీ తెలుసు. భర్త పోయాక ఇరవయ్యేళ్లు రెల్లు కోసి, ఎండబెట్టి, నిప్పు సెగన వంకరలు తీసి, బాతు ఈకలు అతికి ఇద్దరు కొడుకులను పెంచింది. ఊరి సైనికుల అమ్ములపొదుల్లో సగం బాణాలు ఆమె చేతివే. పెద్దకొడుకు మాహదాద్ వసంతంలో రోమన్ల మీదికి పోయిన దండులో వెళ్లాడు. తిరిగి రాలేదు.

ఎలా పోయాడో వచ్చినవాళ్లు చెప్పారు. రోమన్ల కోట ముందు లోతైన కందకం ఉంది. దాన్ని పూడ్చనిదే అడుగు వెయ్యొద్దని ముసలి సైనికులు మొత్తుకున్నారు. సేనాపతి గుర్గేన్ వినలేదు. ఆ సాయంత్రం భోజనం కోటలోనే చేస్తానని పంతం పట్టి, కాల్బలాన్ని గొర్రెల్ని తోలినట్టు ముందుకు తోలాడు. కందకం పూడింది, మనుషులతో. ఆ మాట విన్నరోజు దేనగ్ ఏడవలేదు. పొయ్యిమీద ఉడుకుతున్న జిగురుకుండ ఎత్తి గోడకేసి కొట్టింది.

దండు కదిలే ముందు ప్రతి సైనికుడూ ఒక బాణం గంపలో వేస్తాడు. గంపలకు రాజముద్ర పడుతుంది. తిరిగొచ్చాక ముద్ర విప్పితే, బతికినవాడు ఒక్కొక్కడూ ఒక్కో బాణం తీసుకుంటాడు. మిగిలినవి చచ్చినవాళ్లవి. ఎక్కువ మిగిలితే సేనాపతి పదవి ఊడుతుంది. తక్కువ మిగిలితే వచ్చే వసంతంలో దండుకు మళ్లీ అతనే నాయకుడు. ఆ దండుకు పేరెక్కిన వాళ్లలో దేనగ్ చిన్నకొడుకు రష్నూ ఉన్నాడు. అందుకే గంపల ముద్ర విప్పే పొద్దున ఆమె మైదానంలో అందరికన్నా ముందు నిలబడింది.

సైనికులు వరసగా వచ్చి బాణాలు తీసుకున్నారు. ఎంతసేపటికీ వరస తరగడంలేదు. దేనగ్ కళ్లు చికిలించి చూసింది. వస్తున్నవాళ్లు సైనికులు కారు. గుర్గేన్ గుర్రపుశాల మనుషులు. నదే దాటని కుంటి వరాజ్ కూడా గంపలో చెయ్యి పెట్టబోతున్నాడు.

“ఒరే వరాజ్! నువ్వెప్పుడు పోయావురా యుద్ధానికి? గడ్డివాము మీదికా?”

జనం గొల్లుమన్నారు. వరాజ్ తల దించుకున్నాడు. “అరవకక్కా. తియ్యమన్నారు, తీస్తున్నా. కాదంటే వీపు చీరేస్తారు.”

“ఎవతె అది?” గుర్గేన్ గుర్రం మీంచి కసిరాడు. “బాణాలన్నీ ఒకటే. ఏది ఎవడు తీస్తే దానికేం?”

దేనగ్ అతనికేసి చూడనైనా లేదు. వరాజ్ దగ్గరికి పోయింది.

“తియ్యి నాయనా, తియ్యి. బతికినవాళ్లు తమవి తీసుకున్నారు. ఇక మిగిలినవి శవాల సొత్తు. ఆ మైల నీ చేతికంటుతుంది, చేతినుంచి రొట్టెకి, రొట్టెనుంచి నీ పిల్లల నోటికి. తొమ్మిది రాత్రుల శుద్ధి చేయించుకున్నా పోతుందో పోదో పూజారిగారినే అడుగు.”

వరాజ్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. కొరడా అంటే అతనికి భయమే. శవం మైలంటే అంతకు పదిరెట్లు భయం.

గుర్గేన్ అగ్నిగుడి పూజారివైపు తిరిగాడు. “బాణానికి మైలేమిటో వీళ్లకి చెప్పండి స్వామీ!”

పూజారి గడ్డం నిమురుకున్నాడు. “బాణాల సంగతి శాస్త్రంలో లేదు.”

“అంటే మైల లేదనేగా?”

“ఉందనీ లేదు, లేదనీ లేదు. నేనైతే ముట్టుకోను.”

అంతే. వరాజ్ చెయ్యి వెనక్కి లాక్కుని కుంటుకుంటూ పరుగెత్తాడు. అతని వెనక ఉన్నవాళ్లు చెల్లాచెదురయ్యారు. అంతకుముందే తీసుకున్న గుర్రపుశాల వాళ్లు తోసుకుంటూ వచ్చి బాణాలు గంపలో విసిరేసి, చేతులు మట్టిలో రుద్దుకున్నారు. లెక్క చూడ్డానికొచ్చిన రాజప్రతినిధి మిగిలినవి లెక్కపెట్టమన్నాడు. గుమాస్తా కర్రతో ఒక్కొక్కటే బయటికి దొర్లించి లెక్కపెట్టాడు.

రెండువందల పదిహేడు.

అక్కడికక్కడే గుర్గేన్ నడుమునున్న సేనాపతి పదవి గుర్తు, తోలు నడికట్టు, కోసేశారు. జనం ఈలలు వేశారు. ఎవరో ఆడమనిషి వచ్చి దేనగ్‌ను కావిలించుకుంది. దేనగ్ విదిలించుకుంది. రెండువందల పదిహేడుమందికి బదులు ఒక తోలుముక్క! వాడు రేపు తన తోటలో కూర్చుని దానిమ్మపళ్లు ఒలుచుకు తింటాడు.

రష్నూ మొహం వెలిగిపోతూ పరుగెత్తుకొచ్చాడు.

“గెలిచావమ్మా! వాడి పీడ విరగడైంది. ఇంక భయమేముంది? కొత్తగా వచ్చే సేనాపతి చాలా మంచివాడట. హాయిగా పోయొస్తాను.”

చెంప ఛెళ్లుమంది.

“మంచివాడని ఎవడు చెప్పాడురా? కందకం చెప్పిందా?”

వాడు చెంప పట్టుకుని నవ్వబోయాడు. దేనగ్ వాడి మెడపట్టీ దొరకబుచ్చుకుని, గుడారంలోకి పోతున్న రాజప్రతినిధి ముందుకి ఈడ్చుకుపోయింది.

“వచ్చే సేనాపతి ఎవరు దొరా?”

“ఇంకా తేలలేదమ్మా. ఇంటికి పో.”

దేనగ్ కొడుకు మెడపట్టీ వదల్లేదు. వాణ్ని కూడా కిందికి లాగి, గుడారం గుమ్మానికి అడ్డంగా నేలమీద చతికిలబడింది.

“తేలనివ్వండి. వాడొచ్చి కందకాలంటే ఏమిటో నాకు చెప్పాలి. అప్పుడు లేస్తాను.”