నా ఎత్తున కట్టిన థర్మామీటరు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం అంటూ ఉండేది కాదు. తెలుసుకోవలసినవన్నీ ఆ తర్వాత ఒక్కొక్కటిగా పుట్టుకొచ్చాయి. డిగ్రీలో ఫిజిక్సు ఫస్టు క్లాసు. ఆ అర్హత చూసి (ఇంకెవరూ దొరకలేదని తర్వాత తెలిసింది) ఒక కోళ్ల కంపెనీవాళ్లు నన్ను సూపర్‌వైజరుగా తీసుకుని, పది రోజులు శిక్షణ ఇచ్చి, చేతిలో ఒక థర్మామీటరు పెట్టి యర్రగొండపాలెం వైపు పంపారు. నా మొదటి షెడ్డు ఒక పెద్దమ్మది. అన్నాళ్లూ కూలికి పోయిన ఆమె, ఆమె భర్త పెదనాయన కలిసి తమ చేతులతోనే దాన్ని కట్టుకున్నారు. మొదటి బ్యాచి కోడిపిల్లలు బతికి పెరిగితేనే కంపెనీ రెండోసారి దింపుతుంది. లేదంటే షెడ్డుకు తాళం, వాళ్లు మళ్లీ మిరపచేలకు. నా ఉద్యోగం సంగతీ దాదాపు అంతే (నాకు మిరపకాయలు కొయ్యడం కూడా రాదు).

జనవరిలో ఒక శనివారం పొద్దున్నే పిల్లలు దిగాయి. నేను తీగకు థర్మామీటరు వేలాడదీసి, బల్బులున్న రేకు గొడుగులను దాని పక్కనే కట్టించి, నిలబడి చూశాను. శిక్షణలో చెప్పిన వేడి అచ్చంగా ఉంది. పిల్లలకు మాత్రం ఎవరూ శిక్షణ ఇచ్చినట్టు లేదు. మేత ముట్టకుండా ఒక మూలకు చేరి, ఒకదాని మీద ఒకటెక్కి కీచుకీచుమంటున్నాయి. అడుగునున్నవి నలిగిపోయేలా ఉన్నాయి.

"సార్, పిల్లలకు చలి పెడతాంది," అంది పెద్దమ్మ.

"వేడి సరిగ్గానే ఉంది పెద్దమ్మా. గుడ్లు పొదిగిన చోటే ఏదో లోపం. తల్లికోళ్లు కూడా బలహీనమైనవై ఉంటాయి." (తల్లికోళ్లను నేను చూడలేదు. అందుకే అంత నమ్మకంగా చెప్పగలిగాను.) హేచరీ మీద ఫిర్యాదు చెయ్యడానికి ఫోను కూడా తీశాను.

పెద్దమ్మ గొంతుకూర్చుని ఒక పిల్లను తీసి, దాని కాళ్లు తన చెంపకు ఆనించుకుంది. "ఐసు మాదిరి ఉండాయి. నువ్వూ ఇట్ల కూచో నాయనా," అంది. సారు నాయన అయ్యాడంటే పరిస్థితి విషమించిందని అర్థం. కూర్చున్నాను. పరదాలుగా కుట్టిన యూరియా సంచుల కింది నుంచి చలిగాలి జివ్వున కొట్టింది. వరిపొట్టు పలచగా పోయించానేమో, కింద పరిచిన మార్కాపురం బండల చల్లదనం అరికాళ్లకు ఎక్కింది.

వెనకే నిలబడ్డ పెదనాయన తల ఎత్తి థర్మామీటరును చూశాడు. "పిల్లలు నీ ఎత్తు ఉండుంటే సరిపోయేది," అన్నాడు.

వేడి గాలి పైకి పోతుందని బొమ్మతో సహా నాలుగు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను. ఫోను జేబులో పెట్టాను.

థర్మామీటరును పిల్లల వీపు ఎత్తుకు దించితే, అందులో పాదరసం సిగ్గుపడాల్సినంత కిందికి దిగింది. బల్బులు దించాం. పొట్టు మందంగా పోశాం. సంచుల అంచుల మీద రాళ్లు పెట్టి, పైన గాలి ఆడేంత సందు వదిలాం. గంట గడిచేసరికి గుట్ట విడింది. ఒకటి వచ్చి నీళ్లు తాగింది, దాని వెనక ఇంకొకటి. కాసేపటికి శనగలు ఆరబోసినట్టు షెడ్డంతా పరుచుకున్నాయి. ఒక్కటీ పోలేదు. పొద్దున్నుంచీ నేనేమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది.

"రేపు చర్చిలో పిల్లల కోసం ప్రార్థన పెట్టియ్యాలనుకుంటి," అంది పెద్దమ్మ అన్నం పెడుతూ. "ఇంక వాటికి అక్కర్లేదులే. నీకు పెట్టిస్తా."

పెట్టించింది కూడా. రెండో బ్యాచి దిగింది, నా ఉద్యోగమూ నిలిచింది. అదంతా ఆ ప్రార్థన మహిమేనని ఆమె ఇప్పటికీ అంటుంది. కాదనడానికి నా దగ్గర ఆధారాలు లేవు. ఇప్పుడు ఏ షెడ్డుకు పోయినా ముందు కూర్చుంటాను (మోకాళ్లు అభ్యంతరం చెబుతాయి). ఒక పిల్లను తీసి దాని కాళ్లు చెంపకు ఆనించుకుంటాను. కొత్తగా చేరిన సూపర్‌వైజర్లు అది చూసి, సారుకు కోడిపిల్లలంటే ప్రాణం అనుకుంటారు. నేను కాదనను.