పాత బండిలో వంటగ్యాసు

ఖాజాగూడ చెరువు దాటాక, బండరాళ్లకు ఆనుకుని ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో కార్ల ఏసీలు బాగుచేసేది భానుశ్రీ. నలభై మూడేళ్ల మనిషి. పుట్టింది ఆ ఊళ్లోనే. ఇప్పుడు అద్దాల మేడలు లేచిన చోట ఆమె తల్లి పోచమ్మ ఒకప్పుడు కంకర కొట్టింది. భానుశ్రీ పదో తరగతి పాసై, ఐటీఐలో ఫ్రిజ్‌లు, ఏసీల పని నేర్చుకుంది. ఆ బ్యాచ్‌లో ఆడపిల్ల ఆమె ఒక్కతే. "కుట్టుమిషన్ల క్లాసు అటు పక్కన" అని గేటు దగ్గర వాచ్‌మన్ రెండు నెలల పాటు రోజూ దారి చూపించాడు.

చదువయ్యాక మెహదీపట్నంలో ఒక గ్యారేజీలో పనికి కుదిరింది. ఒక ఎండాకాలం కార్ల ఏసీ గ్యాసుకు కరువొచ్చింది. యజమాని ఇంటి నుంచి వంటగ్యాసు సిలిండరు మోసుకొచ్చి, "చల్లదనమే కదా కావాల్సింది, ఇదే కొట్టు" అన్నాడు. భానుశ్రీ ససేమిరా అంది. సాయంత్రానికల్లా పని పోయింది. ఆమె పక్కన పనిచేసే నరేందర్ మాత్రం కాదనలేకపోయాడు. నెల తిరగకముందే ఒక బండి పైపు అతికిస్తుంటే లోపల మిగిలిన గ్యాసు అంటుకుని అతని రెండు చేతులూ మోచేతుల దాకా కాలిపోయాయి. దవాఖానలో యజమాని రాయించిన మాట, "ఇంట్లో స్టవ్వు పేలింది" అని. నరేందర్ మాట్లాడలేదు. మాట్లాడితే వైద్యం ఖర్చు ఎవరు పెడతారు?

భానుశ్రీకి కోపం ఎక్కువని పేరు వచ్చింది అప్పటి నుంచే. పన్నెండేళ్ల కిందట సొంతంగా షెడ్డు వేసుకుంది. సీలు లేని సిలిండరును గడప తొక్కనివ్వదు. డబ్బా మీద రాసింది చదవనిదే గొట్టం తగిలించదు. "గింత లొల్లి ఎందుకక్కా, అందరూ చేస్తున్నదే కదా" అని ఎవరైనా అంటే, ఆ మనిషిని బండితో సహా వెనక్కి పంపేస్తుంది.

మొన్న ఏప్రిల్ మొదటి వారంలో, ఒంటిపూట బడులు నడుస్తున్న రోజుల్లో, పొద్దున తొమ్మిదింటికి ఒక ఎర్ర కారు వచ్చి షెడ్డు ముందు ఆగింది. తొంభై ఏడు మోడలు. ఇంకా ఏపీ తొమ్మిది నంబరు ప్లేటే. దిగినావిడ రాజరాజేశ్వరి గారు, అరవై ఎనిమిదేళ్లావిడ. భీమవరం నుంచి టెలిఫోన్స్‌లో ఆపరేటరు ఉద్యోగానికి వచ్చి, హైదరాబాదులోనే రిటైరయ్యారు. ఆ కారు ఆవిడ సొంత జీతంతో కొనుక్కున్నది. కోకాపేటలో ఇరవై ఒకటో అంతస్తులో ఉంటున్నా, దాన్ని మాత్రం అమ్మలేదు.

"ఏమ్మా, ఏసీ చూసేది నువ్వేనా?"

"నేనే అమ్మా. ఏమైంది?"

"నెల కిందట మా ఇంటి దగ్గర షాపులో గ్యాసు కొట్టించాను. పది రోజులు గడ్డకట్టేంత చల్లగా ఉంది. ఇప్పుడు వేడిగాలి కొడుతోంది. పైగా ఏదో వాసనమ్మా, కుళ్లిన వెల్లుల్లిలాగా. సీట్ల కింద ఎలుక చచ్చిందేమోనని వెతికించాను కూడా."

భానుశ్రీ చేతిలో పానా కింద పెట్టేసింది.

"అమ్మా, తాళంచెవి నాకియ్యుండ్రి. నాలుగు తలుపులు తెరుద్దాం. అరగంట దాకా ఏ స్విచ్చు ముట్టద్దు."

తలుపులు బార్లా తెరిచి, ఆ బండి చుట్టుపక్కల ఎవరూ బీడీ వెలిగించకుండా తనే కాపలా నిలబడింది. గాలి ఆడాక బానెట్ ఎత్తి చూసింది. లోపల కంపెనీ అంటించిన కాగితం మీద "ఆర్-12" అన్న అక్షరాలు వెలిసిపోయి ఉన్నాయి. గ్యాసు నింపే మూతులు పాతకాలపు మర బిగించే మూతులే. కొత్తవి బిగించలేదు. ఫలానా గ్యాసుకు మార్చామని చెప్పే కాగితమూ లేదు. ఏమీ మార్చకుండా ఏదో ఒకటి కొట్టేశారు.

"ఏ గ్యాసు కొడుతున్నామని చెప్పిన్రు అమ్మా?"

"పాత బండ్లకు స్పెషల్ గ్యాసట. పార్టులేవీ మార్చక్కర్లేదు, పన్నెండుకు బదులు ఇదే సరైనదన్నారు."

"పన్నెండు నంబరు గ్యాసు ఓజోన్ పొరను తింటదని చెయ్యుడే బంద్ పెట్టిన్రమ్మా. ఇప్పుడు మీ బండికి వెయ్యాల్సింది వన్ థర్టీ ఫోర్. కానీ ఊకెనే పోసుడు గాదు. పాత నూనెతోని ఆ గ్యాసు కలవది. నూనెంత కడిగెయ్యాలె, రబ్బరు రింగులు మార్చాలె, తేమ పీల్చే సీసా మార్చాలె. ఇప్పటి కొత్త బండ్ల గ్యాసు మీ బండికి పనికిరాది. ఇంట్ల ఏసీల గ్యాసు కొడితే ఆ ప్రెషరుకు పైపులు పగుల్తయి. మరి పార్టులు మార్చకుంట, పాత నూనెతోనే మస్తు చల్లగ నడిచేది ఇంకొకటి ఉంది. అది వంటగ్యాసు అసొంటిది."

రాజరాజేశ్వరి గారి ముఖం ముడుచుకుంది. "చూడమ్మా, వాళ్లు అంత పెద్ద షాపు పెట్టుకున్నారు. వెళ్తే కాఫీ ఇచ్చి కూర్చోబెడతారు. అలాంటివాళ్లు నా బండిలో వంటగ్యాసు పోస్తారా? పని నీ చేతికి రావాలని అంటున్నావేమో."

ఆ మాట భానుశ్రీకి చురుక్కున తగిలింది. జవాబు నోటిదాకా వచ్చింది కూడా. అంతలో తెరిచి ఉన్న తలుపులోంచి డ్యాష్‌బోర్డు మీద చూపు పడింది. చిన్న ఇత్తడి వినాయకుడు. ఆయన ముందు అగరుబత్తి స్టాండు. దాని చుట్టూ రాలిన బూడిద.

"అమ్మా, ఈ అగరుబత్తి రోజూ వెలిగిస్తరా?"

"రోజూనమ్మా. పొద్దున్నే బండి తీసే ముందు, అద్దాలు మూసి ఉండగానే. ఆ వాసన పోతుందని ఈమధ్య రెండేసి వెలిగిస్తున్నాను."

భానుశ్రీ ఆ స్టాండు తీసి బండికి దూరంగా పెట్టింది. గ్యాసు కారుతున్నది ఎక్కడో ఆమెకు అప్పటికే అనుమానం. ఇంజను దగ్గర కాదు. డ్యాష్‌బోర్డు వెనక, మనిషి మోకాళ్లకు జానెడు దూరంలో ఉండి, గాలిని చల్లబరిచే ఎవాపరేటరులో. నెల రోజులుగా ఈ పెద్దావిడ మూసిన బండిలో అగ్గిపుల్ల గీస్తున్నది. ఇన్నాళ్లూ బతికి ఉండటం అదృష్టం తప్ప మరొకటి కాదు.

"నా మాట నమ్మొద్దమ్మా. మిషన్ మాట నమ్ముండ్రి" అని, తనకు ఐటీఐలో చదువు చెప్పిన వెంకటరామయ్య సారుకు ఫోను చేసింది. ఆయన ఇప్పుడు రాయదుర్గంలో ఒక శిక్షణ కేంద్రంలో పాఠాలు చెబుతున్నాడు. ఏ గ్యాసో తేల్చి చెప్పే పరికరం వాళ్ల దగ్గర ఉంది. అరగంటలో ఆటోలో వచ్చాడు. బండిలో మిగిలిన కాస్త గ్యాసును సన్నటి గొట్టంతో పట్టి చూశాడు. ఎర్ర దీపం వెలిగింది. తెర మీద అంకె చూసి కళ్లజోడు తీసేశాడు.

"మండే వాయువు. తొంభై ఏడు శాతం. అమ్మా, మీరు ఈ బండి ఇంక ఎక్కకండి."

రాజరాజేశ్వరి గారు వంగి తెర మీది అంకెను తనే చదువుకున్నారు. తర్వాత చీర కొంగు బిగించి, "పదండి. ఆ షాపుకే వెళ్దాం" అన్నారు.

కారు అక్కడే వదిలి ముగ్గురూ ఆటోలో కోకాపేట వెళ్లారు. అద్దాల తలుపులు, లోపల ఏసీ, గోడ మీద "పాత కార్ల స్పెషలిస్టులు" అని బోర్డు. మేనేజరు అవినాష్ నవ్వుతూ ఎదురొచ్చాడు. భానుశ్రీ నూనె మరకల చొక్కా చూడగానే ఆ నవ్వు సగం తగ్గింది.

"మేడం, మేం వాడేది ప్రీమియం గ్యాస్ అండి. షెడ్లలో పనిచేసేవాళ్లకు ఈ ప్రొడక్ట్స్ గురించి ఐడియా ఉండదు."

"నాకు ఐడియా లేదన్నా, నేర్చుకుంట. జర ఆ డబ్బా చూపియ్యి" అంది భానుశ్రీ.

నలుగురు కస్టమర్లు చూస్తుండగా కాదనలేక ఒక డబ్బా తెప్పించాడు. నీలం రంగు డబ్బా, దాని మీద షాపు పేరుతో మెరిసే స్టిక్కరు. భానుశ్రీ దాన్ని అటూ ఇటూ తిప్పింది. స్టిక్కరు ఒక మూల లేచి ఉంది. గోరుతో పట్టి బర్రున లాగింది. అడుగున ఎర్ర చతురస్రంలో మంట బొమ్మ, దాని కింద "అత్యంత మండే స్వభావం" అన్న హెచ్చరిక.

"ఏందిది? మంట బొమ్మ మీద నీ పేరు అంటించుకున్నవ్ కదా! చదువురాక చేసినవా? వచ్చే చేసినవా?" ఆమె గొంతు షాపంతా మోగింది.

"అక్కా, అరవకండి. ఇప్పుడు ఫ్రిజ్‌లలో కూడా ఇలాంటి గ్యాసే వాడుతున్నారు, ఇట్స్ ఇకో ఫ్రెండ్లీ."

వెంకటరామయ్య సారు నెమ్మదిగా అన్నాడు. "నిజమే నాయనా. ఆ గ్యాసు కోసమే కట్టిన ఫ్రిజ్‌లో, గుప్పెడంత. ఈ బండిని ఆ గ్యాసు కోసం కట్టలేదు. ఎవాపరేటరు కారితే గ్యాసంతా మనుషులు కూర్చునే చోటికే వస్తుంది. అది నీకు తెలుసు. తెలుసు గనకే స్టిక్కరు వేశావు."

అవినాష్ గొంతు తగ్గించాడు. "మేడం, లోపలికి రండి. మీ అమౌంట్ రిఫండ్ చేస్తాం. ఏడాది ఫ్రీ సర్వీస్ కూడా."

"నా డబ్బు నీ దగ్గరే ఉంచుకో" అన్నారు రాజరాజేశ్వరి గారు. "ఈ డబ్బా ఇంకా ఎవరెవరి బండ్లలో పోశావ్? వాళ్ల నంబర్లు కావాలి."

"అది కస్టమర్ ప్రైవసీ అండి."

"ప్రైవసీయా! నన్ను తగలబెట్టడానికి నా అనుమతి అడిగావా? అప్పుడెక్కడికి పోయింది నీ ప్రైవసీ?"

కూర్చున్న కస్టమర్లు లేచి నిలబడ్డారు. ఒకాయన తన బండి బయటకు తెమ్మని కేకలు మొదలుపెట్టాడు. ఆ గొడవలో, రిసెప్షన్‌లో కూర్చున్న దివ్య అనే అమ్మాయి తన కంప్యూటరు తెరను వీళ్ల వైపు తిప్పింది. ఆ గ్యాసు కొట్టించుకున్నవాళ్లవి, ఈవిడ కాక, మొత్తం పద్నాలుగు పేర్లు, నంబర్లు. రాజరాజేశ్వరి గారు తన బిల్లు వెనకాలే అన్నీ రాసుకున్నారు.

షెడ్డుకు తిరిగొచ్చాక ఆవిడే స్టూలు మీద కూర్చుని ఒక్కొక్కరికీ ఫోను కలిపారు. ముప్ఫై ఏళ్లు చేసిన పని అది. గొంతు తొణకలేదు. కొందరు భయపడి వెంటనే వస్తామన్నారు. ఒకాయన, "మీరు పోటీ షాపువాళ్లా?" అని పెట్టేశాడు. తొమ్మిదో నంబరు ఐలయ్య అనే మనిషిది. ఏసీ బిగించుకున్న పాత వ్యానులో గౌలిదొడ్డి పిల్లల్ని బడికి తిప్పుతాడు.

"చల్లగనే ఉంది. పిల్లలు ఖుషీగున్నరు. మీకేం నొప్పి?" అని అతనూ పెట్టేశాడు.

పిల్లల మాట వినగానే భానుశ్రీ స్కూటీ తీసింది. బడి వదిలే వేళ. గౌలిదొడ్డి బడి గేటు దగ్గరికి చేరేసరికి ఎనిమిది మంది పిల్లలు వ్యానులో సర్దుకుని కూర్చున్నారు. ఐలయ్య చెవి మీద బీడీ ఉంది. భానుశ్రీ స్కూటీని వ్యానుకు అడ్డంగా పెట్టి దిగింది.

"పిల్లల్ని దించు."

"నువ్వెవరు నన్ను దించుమనేదానికి? తప్పుకో!"

"తప్పుకోను. ఎక్కిస్తే నా మీదకెల్లి ఎక్కియ్యి. నీ బండ్ల పోసింది వంటగ్యాసు. ఆ బీడీ ముట్టిచ్చినవంటే ఎనిమిది మంది తల్లులకు ఏం జవాబు చెప్తవ్? ఒక్కసారి తల లోపల పెట్టి వాసన చూడు. నా కోసం గాదు, ఆ పిల్లల కోసం చూడు."

అతను తిట్టాడు. హారను కొట్టాడు. జనం మూగారు. చివరికి విసుగ్గానే డ్యాష్‌బోర్డు కిందికి వంగి ముక్కు పెట్టాడు. లేచేసరికి ముఖం పాలిపోయి ఉంది. చెవి మీది బీడీ తీసి దూరంగా విసిరేశాడు. పిల్లల్ని ఒక్కొక్కరినీ తనే ఎత్తుకుని దించాడు. "నాకు చెప్పలేదక్కా. చల్లగుంటది అన్నరు గంతే" అని మళ్లీ మళ్లీ అంటూనే ఉన్నాడు. పిల్లలు రెండు ఆటోల్లో ఇళ్లకు వెళ్లారు.

పద్నాలుగు మందిలో తొమ్మిది మంది బండ్లు తెచ్చారు. ముగ్గురు మాట వినలేదు. రెండు నంబర్లు కలవనే లేదు. వచ్చిన బండ్లలో గ్యాసును భానుశ్రీ, సారు కలిసి మనుషులు లేని బయలు జాగాలో మెల్లగా వదిలారు. ఎర్ర కారుకు నాలుగు రోజుల పని పట్టింది. ఎవాపరేటరు, రింగులు, సీసా మార్చి, నూనె కడిగి, కొత్త మూతులు బిగించి, సరైన గ్యాసును పాత లెక్క కన్నా కొంచెం తక్కువే నింపింది. ఏ గ్యాసు, ఏ నూనె, ఏ రోజు, చేసింది ఎవరు అన్నీ రాసి బానెట్ కింద కాగితం అంటించింది.

"ఆ పది రోజులంత చల్లగా లేదేమ్మా?" అని అడిగారు రాజరాజేశ్వరి గారు, మొదటిసారి నడిపి చూసి.

"ఉండదమ్మా. మిట్టమధ్యాహ్నం జర తక్కువనే ఉంటది. అబద్ధం చెప్ప."

ఆవిడ నవ్వారు. "ఆ రోజు నీ మీద తప్పుగా అన్నాను. ఏమనుకోకు."

ఫిర్యాదు కథ మాత్రం తెగలేదు. పోలీసు స్టేషనులో, "ఎవరికీ ఏం కాలేదు కదమ్మా, కేసెట్ల పెడ్తం?" అన్నారు. ఆ మాటకు భానుశ్రీ ఒళ్లు మండిపోయింది. "ఎవరన్న కాలినంక రావాల్నా సార్?" అని అడిగి, అక్కడే బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చుని, అర్జీ తీసుకున్నట్టు ముద్ర వేయించుకునే కదిలింది. వినియోగదారుల ఫోరానికి రాజరాజేశ్వరి గారు, సారు కలిసి రాశారు. షాపు నాలుగు రోజులు మూసి, అయిదో రోజు తెరిచారు. పాత కార్ల బోర్డు పోయింది. దాని చోట మరో బోర్డు. అవినాష్ అదే కుర్చీలో ఉన్నాడు. దివ్య మాత్రం కనిపించలేదు. ఆ అమ్మాయి నంబరు కోసం భానుశ్రీ ఇప్పటికీ అడుగుతూనే ఉంది. షెడ్డులో బిల్లులు రాసే మనిషి కావాలి.

ప్రతి సోమవారం పొద్దున, షట్టరు ఎత్తకముందే, ఫిర్యాదు ఎంతవరకు వచ్చిందని స్టేషనుకు ఫోను చేస్తుంది. "మళ్లా నువ్వేనా అమ్మా" అంటారు అవతలి నుంచి.

"నేనే సార్" అంటుంది భానుశ్రీ. "వచ్చే సోమారం గూడ నేనే."