పత్తిని దుమ్ము అనని ఇల్లు

ఫోను "ప్రమాదం ఏమీ లేదు" అని చెప్పిన క్షణంలోనే నాకు మొదటిసారి భయం వేసింది.

అప్పటిదాకా పాపకు జలుబే అనుకుంటున్నాను. మూడేళ్ల పిల్ల. నా ఒళ్లో కూర్చుని ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది. గొంతులో సన్నటి ఈల. ఎదురుగా మంచం మీద మా ఆయన ఫోను పట్టుకుని, ఆరోగ్యం యాప్ అడిగే ప్రశ్నలకు ఒక్కొక్కటిగా జవాబు నొక్కుతున్నాడు. అది తెలుగులోనే, ఓపిగ్గా, టీచరమ్మలా అడుగుతుంది. జ్వరం ఉందా? లేదు. ఇంట్లో ఎవరైనా బీడీ తాగుతారా? లేదు. పత్తి మిల్లులో పని చేసేవాళ్లు ఉన్నారా? లేదు. బిడ్డ దుమ్ములో ఉంటుందా? లేదు.

"చూసినావా, ఉత్త జలుబంట. ఆవిరి పట్టమంటాంది. నువ్వు ఊరికే బెదురుకుంటావు."

ఫోను లాక్కుని, "ఎందుకు?" అని ఉన్న చోట నొక్కాను. తన నిర్ణయానికి ఎట్లా వచ్చిందో అది వరుసగా చూపించింది. జ్వరం లేదు కాబట్టి నిమ్ము కాకపోవచ్చు. పొగ లేదు, దుమ్ము లేదు కాబట్టి ఆయాసం రావడానికి కారణం కనబడదు. కాబట్టి జలుబు. ఎక్కడా తప్పు పట్టలేను. ఆ జవాబులే ఇస్తే నేనైనా అక్కడికే చేరతాను.

ఆదోనిలో డిగ్రీ చదివేటప్పుడు మాకు ఇదొక పేపరు. యంత్రానికి లోకాన్ని ఏ రూపంలో చెప్పాలి, చెప్పినవాటి నుంచి చెప్పనివి అది ఎట్లా రాబట్టుకోవాలి అని. మా సారు బస్టాండు బోర్డును చూపి చెప్పేవాడు. "రెండు గంటలకు మంత్రాలయం బస్సు అని బోర్డులో లేదు. ఏమనుకుంటావు? బస్సే లేదనుకుంటావు. యంత్రమూ అంతే. దానికి చెప్పనిది లోకంలో లేనట్టే." వెనక బెంచీ అమ్మాయి ఒకతె లేచి, "సార్, గురువారం స్వామి దర్శనానికి బోర్డులో లేని బస్సులు ఎన్ని వస్తాయో!" అంది. క్లాసంతా నవ్వింది. "గురువారం సంగతి బోర్డుకు ఎవరు చెప్పాలమ్మా?" అని సారూ నవ్వాడు. పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. బాగా రాశాను కూడా.

మాది ఎమ్మిగనూరు దగ్గర పల్లె. రెండు గదుల ఇల్లు. దసరా నుంచి వెనక గది నిండా పత్తి. ఏరిన పత్తిని ధర వచ్చేదాకా ఇంట్లోనే పోసుకోవడం మా ఊళ్లో అందరికీ అలవాటు. చలికాలంలో పిల్లలకు అంత వెచ్చటి పడక ఇంకొకటి ఉండదు. మా పెద్దవాడూ పాపా ఇద్దరూ దాని మీదే దొర్లి, దాని మీదే నిద్రపోతారు. శుక్రవారం మా అత్త ఆ గడపకు పసుపు రాస్తుంది. చెప్పులతో ఎవరూ లోపలికి పోరు. అట్లాంటిదాన్ని దుమ్ము అని ఎవరంటారు? మా ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయనకు దుమ్ము అంటే రోడ్డు మీద లేచేది. యాప్ రాసినవాళ్లకు పత్తి అంటే మిల్లులో ఉండేది. మా వెనక గది ఆ ప్రశ్నల్లోనూ లేదు, ఈ జవాబుల్లోనూ లేదు.

"పాప పత్తి మీద పండుకుంటాంది కదా," అన్నాను.

"అందురూ పండుకుంటారు. నేను పండుకోలేదా? మా నాయన పండుకోలేదా?"

వాదించే ఓపిక లేక పిల్లను ఎత్తుకుని వీధిలోకి వచ్చాను. పక్కింటి ఆటో అన్న సాయంత్రం నమాజుకు బయలుదేరుతున్నాడు. పాప రొమ్ము ఎగిరిపడటం చూసి, నెత్తి మీది టోపీ తీసి జేబులో పెట్టుకున్నాడు.

"కూసో అక్కా. అన్న రాడా?"

"ఏం గాదని ఫోను చెప్పిందంట."

"అట్లనా? అయితే ఆటో గూడా ఆ ఫోన్నే తోలమను," అని మా గుమ్మం వైపు చూసి గట్టిగా అరిచాడు. మా ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చి ముందర ఎక్కాడు. ఎమ్మిగనూరు చేరేదాకా వెనక్కి చెయ్యి చాపి పాప పాదం పట్టుకునే ఉన్నాడు.

పిల్లల డాక్టరు ముందుగా ఏమీ అడగలేదు. పాప జుట్టులోంచి తెల్లటి పోగు ఒకటి తీసి చూశాడు. "ఇది ఎక్కడిది?" ఇంట్లోది అన్నాను. "పాప పడుకునేది?" దాని మీదే అన్నాను. వెంటనే మాస్కు పెట్టించి మందు పొగ పట్టించాడు. చాలాసేపటికి ఈల తగ్గింది. వచ్చేటప్పుడు, "పత్తి ఉన్న ఇంట్లో ఈ పిల్ల ఉండకూడదు. మళ్లీ ఆయాసం వస్తే ఇంత టైము ఇవ్వదు," అన్నాడు.

ఇంటికి వచ్చి పాపను ముందు గదిలో పడుకోబెట్టి, ఫోను తీసి ఆ ప్రశ్నలకే మళ్లీ జవాబులు ఇచ్చాను. దుమ్ము దగ్గర "ఉంది" అని నొక్కాను. వెంటనే మాట మార్చేసింది. బిడ్డను అక్కడి నుంచి దూరం చేయండి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోండి అంది. ఆ సంగతి దానిలో మొదటి నుంచీ ఉంది. ఒక్క జవాబు కోసం ఆగి ఉంది, అంతే. గట్టిగా చదివి మా ఆయనకు వినిపించాను.

"ఇప్పుడు పత్తిని ఆదోని మార్కెట్టుకు తోలితే ఏమొస్తాది? ధర రానీ," అన్నాడు. "మేమంతా పత్తి మీద పెరిగినోళ్లమే. ఒక్కరికన్నా ఏమన్నా అయ్యిందా?"

మూలన కూర్చున్న అత్త తల ఎత్తలేదు. "నీకు ముందర ఒకడుండె," అంది. "పత్తి దినాల్లోనే పోయె. గొంతులో ఇట్లనే ఈల. దిష్టి అనుకుంటిమి."

తనకు ముందు ఒకడు పుట్టి పోయాడని మా ఆయనకు తెలుసు. ఎట్లా పోయాడో అప్పుడే విన్నాడు. పెరిగినవాళ్లను లెక్కపెట్టుకునే మా ఇల్లు ఇన్నేళ్లూ ఏం కాదని తేల్చుకుంది. పోయిన పిల్లవాడు ఆ లెక్కలో లేడు. ఇప్పుడు చెప్పాల్సింది ఏదీ మిగల్లేదు కదా, ఇక మారతాడు అనుకున్నాను. ఆయన కళ్లలో నీళ్లు కూడా చూశాను.

"ఇంకొక నెల చూద్దాం," అన్నాడు.

నేను చదివిన పాఠంలో తెలియకపోవడం ఒక్కటే చిక్కు. తెలిస్తే యంత్రం మారుతుంది. అన్నీ తెలిసి, నమ్మి, ఏడ్చి కూడా అక్కడే నిలబడిపోయే మనిషి గురించి ఎవరూ చెప్పలేదు. ఆయన చెడ్డవాడైతే నాకు కోపం తెచ్చుకునే దారైనా ఉండేది. మధ్య తలుపు వేసి, కింది సందులో పాత చీర కుక్కాను. అయినా లైటు వెలుతురులో సన్నటి పోగులు తేలుతూనే ఉన్నాయి.

పొద్దున్నే పిల్లలిద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకుని, ఈ రాత్రి నుంచి మనం అరుగు మీద పడుకుంటాం అని చెప్పాను. పాపకు అది ఆటలా తోచింది. పెద్దవాడు మాత్రం వెనక గది వైపు చూశాడు.

"చలేస్తాది కదా మా. పత్తినే బయట పెట్టి మనం లోపల పండుకుంటే కాదా?"

"పత్తికి మంచు తగలకూడదు నాయనా," అన్నాను. "మనమైతే దుప్పటి కప్పుకుంటాం."