మడపాం వంతెన మీద పెరుగన్నం

మా అమ్మకు మతి పోయిందని ఊరంతా ఖాయం చేసేసింది. నేను కూడా. మా ఉద్దానం తీరంలో చేపల వేటకు వెళ్ళిన పడవ బోర్లా తేలిందంటే దాని అర్థం చిన్నపిల్లలకు కూడా తెలుసు. అన్నయ్య పడవ అలాగే తేలింది. అమ్మది మాత్రం ఒకటే మాట: "ఒరిస్సా పడవోళ్ళు ఎక్కించుకుపోనారు. పరదీపులో ఉంటాడు, వత్తాడు." కర్మ చేయించమని చెప్పడానికొచ్చిన పెద్దల మీదికి చీపురు తీసింది. వదిన అత్త మాటే నమ్మి, బొట్టూ గాజులూ పెట్టుకుని ఏడాదికి పైగా వీధిలోకి చూస్తూ కూర్చుంది. ఆ పిచ్చితల్లిని చూసినప్పుడల్లా నాకు అమ్మ మీద ఒళ్ళు మండేది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, అన్నయ్య కూతురికి పుట్టువెంట్రుకలు తీయించడానికి కమాండర్ జీపు మాట్లాడుకుని సింహాచలం వెళ్ళాం. తిరిగొస్తుంటే మడపాం దగ్గర వంశధార వంతెన మీద లారీ ఒకటి చెడిపోయి బండ్లన్నీ బారులు తీరాయి.

"నడిసి అవతలికి పోండి, నానొచ్చి ఎక్కించుకుంతాను" అన్నాడు డ్రైవరు.

వదిన గుండుపిల్లను చంకనేసుకుని చకచకా ముందు నడిచింది. వెనక అమ్మా నేనూ. వానలు పడి ఏరు ఎర్రగా, నిండుగా పారుతోంది.

సగం దూరం వచ్చాక అమ్మ ఆగిపోయింది. చేతిలో ఉన్న టిఫిన్ డబ్బా మూత తీసి, మిగిలిన పెరుగన్నం ముద్ద చేసి ఏట్లోకి వదిలింది. చేపలకు వేస్తోందనుకున్నాను. చేపలు పట్టి బతికేవాళ్ళకు చేపల మీద ఇంత జాలేమిటని నవ్వు కూడా వచ్చింది.

"నడవే తల్లీ, జీపొచ్చెత్తాది" అని విసుక్కున్నాను.

వినలేదు. ఇంకో ముద్ద వదిలింది, తర్వాత మరొకటి. ఆపైన సీసాలో నీళ్ళు అరచేతిలో పోసుకుని బొటనవేలి పక్కనుంచి ధారగా వదిలింది. మా ఇళ్ళలో అలా నీళ్ళు వదిలేది పోయినవాళ్ళకే.

"ఏటమ్మా ఇది? ఎవులికి?"

"మీ అన్నకిరా."

"పరదీపులో ఉన్నాడన్నావు గదే!"

"పడవ తేలినాదన్ననాడే తెలుసు నాకు" అంది అమ్మ, ఏటి వైపే చూస్తూ. "అప్పుటికి మీ వొదిన పచ్చి బాలింత. ఆ మాట సెవిన పడితే పాలింకిపోవా? పిల్లదాని నోట్లో ఏటి పొయ్యనురా? నన్ను పిచ్చిదన్నారు. అననీండి. ఇప్పుడది అన్నం తింతంది, పాలు మానీసింది."

నేను పిట్టగోడ పట్టుకుని నిలబడిపోయాను. కొడుకు పోయాడని తెలిసీ, ఏడాది పైగా ఒక్క కన్నీటి చుక్క మా కంట పడనివ్వలేదు ఈ మనిషి. ఊరు తిట్టింది, నేనూ తిట్టాను. అమ్మ డబ్బా కడిగి మూత పెట్టి, ఏమీ జరగనట్టు నడవసాగింది.

వంతెన దిగేచోట వదిన పిల్లను ఆడిస్తూ మాకోసం చూస్తోంది. మమ్మల్ని చూడగానే పకపకా నవ్వింది.

"అత్తా, దీని అయ్య వచ్చీసరికి ఈ గుండుదాన్ని గుర్తుపడతాడేటి?"

అమ్మ పిల్లను తీసి నా చేతికిచ్చింది. వదిన చెయ్యి పట్టుకుని రోడ్డు పక్కన గడ్డిలో కూలబడింది.

"కూకో తల్లీ" అంది. "నీకో మాట సెప్పాల."