బెల్లం రంగు పూస

పెళ్లయి అనకాపల్లి వచ్చిన కొత్తలో అత్తవారింట్లో నన్ను మొదట దగ్గరికి తీసుకున్నది మా తోడికోడలు. మా ఆయన అన్నగారి భార్య. నాకంటే పదేళ్లు పెద్ద. అక్కా అని పిలిచేదాన్ని. ఇల్లు ఒకటే, మధ్యలో గోడ కట్టి రెండు వాటాలు చేశారు. పెరడు ఉమ్మడి. నేను నలుగురిలో నోరు విప్పలేని మనిషిని. ఆవిడ షేర్ ఆటో ఎక్కి కశింకోటలో దిగేలోపు పక్కన కూర్చున్నవాళ్ల ఇంటి సంగతులన్నీ రాబట్టే రకం.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. మా చర్చి హాల్లో ఆడవాళ్లకి గాజుపూసలు చెయ్యడం నేర్పుతామన్నారు. "ఇంట్లో కూకుని ఏటి సేత్తావే, రా" అని అక్కే నన్ను లాక్కెళ్లింది. గ్యాస్ మంట ముందు కూర్చుని గాజు కడ్డీని కరిగించి, మట్టి పూత పూసిన సన్నటి ఉక్కు ఊచ మీద చుట్టాలి. ఊచ తిప్పడం ఒక్క క్షణం ఆపినా పూస ఒక పక్కకి జారిపోతుంది. వేళ్లు కాలేవి. కళ్లు మండేవి. వచ్చినవాళ్లలో చాలామంది మానేశారు. నాకు మాత్రం ఆ మంట ముందు కూర్చుంటే ఎవరితోనూ మాట్లాడక్కర్లేదన్న సుఖం తెలిసింది.

తర్వాత పెరట్లో రేకుల షెడ్డు కింద మా ఇద్దరి పని మొదలైంది. మా ఆయన లేతు వర్క్‌షాపులో పనిచేసేవాడు, ఊచలు తనే చేసి తెచ్చాడు. నేను పూసలు చేసేదాన్ని, అక్క ఊళ్లు తిరిగి అమ్మేది. మునగపాక వైపు రైతుల ఇళ్లకి నల్లపూసలు, మావాళ్ల పెళ్లిళ్లకి తెల్లచీర మీదకి పాలరంగు పూసలు. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని ఇద్దరం దండలు గుచ్చేవాళ్లం.

ఒక వేసవిలో నాకు కొత్త రంగు ఒకటి కుదిరింది. తేనెరంగు గాజు మీద పల్చగా ఎరుపు వేసి కరిగిస్తే, అప్పుడే పొయ్యి మీంచి దించిన బెల్లప్పాకంలా వచ్చింది. దాని మీద తెల్లగాజు పోగు చుట్టి సూదితో లాగితే పాకం మీద నురగలా చారలు పడ్డాయి. కానీ చల్లారేసరికి టప్పున పగిలిపోయేది. ఆ వేసవంతా పగిలిన పూసలు ఎత్తిపోస్తూనే ఉన్నాను. చివరికి కుంపటి బూడిద కుండలో పోసి, వెచ్చగా ఉండగానే పూసని అందులో పాతిపెట్టి, మూత పెట్టి మర్నాటిదాకా ముట్టకుండా వదిలేశాను. నిలబడింది.

అక్క దాన్ని ఎండకి ఎత్తి చూసింది. "ఓలమ్మా! బెల్లం ముక్కేనే ఇది. నోట్లో ఏసుకోవాలనిపిత్తంది. ఎలాగ సేసేవే?" అని నా చెంపలు రెండూ పట్టుకుంది. పుట్టింట్లోగానీ అత్తింట్లోగానీ నేను చేసిన పనిని అలా చూసినవాళ్లు లేరు. ఆ ఆనందంలో నాకు ఏడుపొచ్చింది.

ఆ ఏడే కాన్పుకి రాంబిల్లిలో మా అమ్మ దగ్గరికి వెళ్లాను. బయల్దేరేముందు అక్కని మంట ముందు కూర్చోబెట్టి, రంగు వెయ్యడం, చారలు లాగడం, బూడిదలో ఉంచడం అన్నీ దగ్గరుండి నేర్పించాను. నేను లేనప్పుడు పని ఆగకూడదని.

పిల్లతో తిరిగొచ్చేసరికి బెల్లం పూసలు బాగా అమ్ముడుపోతున్నాయి. కొన్నాళ్లకి కశింకోటలో ఒక పెళ్లికి వెళ్లాను. అక్కకి జ్వరం, రాలేదు. పెళ్లికూతురి మెడలో మా బెల్లం పూసల దండ. నాకు కళ్లు నిండిపోయాయి. పెళ్లికూతురి తల్లి భోజనాల దగ్గర నన్ను గుర్తుపట్టి పక్కకొచ్చింది.

"మీ అక్క సేతిలో ఏదో ఉందమ్మా. ఆ రంగు కుదిరేదాకా ఎంత కట్టపడ్డాదో సెప్తంటే మాకు ఏడుపొచ్చీసింది. ఏసవంతా పగిలిపోయేయంట కదా?"

నేను చంకలో పిల్లని సర్దుకున్నాను.

"నువ్వే కదేటి దండలు గుచ్చి పెడతావు? మీ అక్క సెప్పింది. బాగా గుచ్చేవమ్మా" అని భుజం తట్టి వెళ్లిపోయింది.

నేను పడ్డ వేసవి అది. నా పగుళ్లు, నా బూడిద, అన్నీ ఆవిడ తనవిగా చెప్పుకుని, వినేవాళ్లని ఏడిపించింది. చేతిలో పలావు ప్లేటుతో ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. పిల్ల ఏడ్చేసరికి ప్లేటు కింద పెట్టి ఆటో ఎక్కేశాను.

ఇంటికి రాగానే అడిగాను. అక్క మంచం మీద లేచి కూర్చుంది. ముందు నవ్వింది.

"ఓసి, దానికేటి? నువ్వు నలుగురిలో మాటాడలేవు. కొనేవోలు ఎవులు సేసేరని అడుగుతారు. ఎదురుగా ఉన్నది నాను. నానే సేసేనని సెప్పేను."

"నేను ఉత్తి దండలు గుచ్చేదాన్నని కూడా చెప్పావటక్కా."

ఆవిడ దుప్పటి మడిచి పక్కన పెట్టింది. తర్వాత అంది, "ఎలాగూ తెలుత్తాది గాబట్టి సెప్తన్నాను. చర్చి హాల్లో కొత్త బ్యాచికి నన్ను టీచరమ్మగా ఏసేరు. సోమవారం నుంచి. బెల్లప్పూస సూపించమన్నారు."

మా ఆయన వచ్చాక చెప్పుకుని ఏడ్చాను. ఆయన చొక్కా విప్పుతూ, "ఇంట్లో ఎవరి పేరైతే ఏటి? వదినే కదా" అన్నాడు. ఆ తేలిక నాకు అర్థం కాలేదు. గుచ్చి అడిగితే అప్పుడు చెప్పాడు. నేను రాంబిల్లిలో ఉండగానే ఆవిడ హాల్లో చూపించడానికి వేరే ఊచల సెట్టు కావాలందట. ఆయనే చేసిచ్చాడట. టీచరు పని సంగతి, ఆవిడ చెప్పుకుంటున్న కథ, అన్నీ ఆయనకి ముందే తెలుసు.

"నాకెందుకు చెప్పలేదు?"

"సెప్తే నువ్వు బాధపడతావని."

అక్క మాటకి నాకు కోపం వచ్చింది. ఈ మాటకి కోపం కూడా రాలేదు. ఉమ్మడి పెరట్లో ఇంటివాళ్ల మధ్య నా ఒక్కదానికే తెలియకుండా ఇన్నాళ్లు గడిచాయన్నమాట.

సోమవారం హాలుకి వెళ్లాను. ఎందుకు వెళ్లానో ఇప్పటికీ చెప్పలేను. వెనక బెంచీలో కూర్చున్నాను. అక్క నన్ను చూసి తడబడలేదు. "మా సెల్లి. నాకు సాయం సేత్తాది" అని అందరికీ చెప్పి మంట వెలిగించింది. పూస పగలాలని కోరుకున్నాను. పగల్లేదు. చారలు నాకంటే సన్నగా లాగింది. అది నేను చేసిందో ఆవిడ చేసిందో చూసి చెప్పగలిగినవాళ్లు ఆ గదిలో ఎవరూ లేరు. నేనూ చెప్పలేను.

ఆ తర్వాత బెల్లం పూస మళ్లీ చెయ్యలేదు. మా ఆయనతో పట్టుబట్టి వేరే వీధిలో అద్దెకి దిగాం. వంటింటి పక్క చిన్న గదిలో మంట పెట్టుకుని నల్లపూసలు, నీలం పూసలు చేశాను. బేరానికి నేనే వెళ్లడం నేర్చుకున్నాను.

కొన్నేళ్లకి బజారంతా మిషన్ పూసలు, ప్లాస్టిక్ పూసలు వచ్చిపడ్డాయి. హాల్లో బ్యాచిలు ఆగిపోయాయి. ఒక మధ్యాహ్నం అక్క మా ఇంటికొచ్చింది. టీ ఇచ్చాను.

"మళ్లీ ఇద్దరం కలిసి సేద్దామేటే?" అంది.

నేను టీ గిన్నె తీసి పక్కన పెట్టాను.

"ఇంకా మనసులో ఉందేటి?"

"ఉందక్కా" అన్నాను.

ఆవిడ టీ తాగింది. పిల్ల చదువు గురించి అడిగి, గ్లాసు కడిగిపెట్టి వెళ్లిపోయింది. ఆదివారం ఆరాధనలో ఇప్పటికీ పక్కపక్కనే కూర్చుంటాం, పాటల పుస్తకం ఒకటే పట్టుకుంటాం. నా పని గదిలోకి మాత్రం ఆవిడని రానివ్వలేదు. మా ఆయన ఇప్పటికీ అందరితో అంటూంటాడు, నేను ఒక పూస కోసం ఇల్లు మారానని.